నెగెవ్ నుంచి మృత సముద్రం దాకా: ఇజ్రాయెల్ ఎడారి యాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇజ్రాయెల్ వెళ్లొచ్చిన తెలుగువాళ్లలో ఎక్కువమంది జెరూసలేం, బెత్లెహేం, గలిలయ సముద్రం గురించి చెబుతారు. ఎడారి సంగతి అడిగితే మృత సముద్రంలో తేలుతూ దిగిన ఫోటో ఒకటి చూపిస్తారు. కానీ ఆ దేశంలో సగానికి పైగా నేల నెగెవ్ ఎడారే. దానికి ఉత్తరాన, జెరూసలేం కొండలకూ మృత సముద్రానికీ మధ్య, బైబిల్ చదివినవారికి తెలిసిన యూదయ అరణ్యం ఉంది. అక్కడ తిరిగి వచ్చాక బంధువులు, స్నేహితులు, చర్చి బృందాలతో బయలుదేరుతున్నవాళ్లు నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. వృద్ధుల సంరక్షణ పని మీద అక్కడే ఉంటున్న తెలంగాణ, కోనసీమ వాళ్లు కూడా సెలవు రోజున ఎటు వెళ్లాలని అడుగుతుంటారు. వాటికి జవాబులు ఇవి. ముందుగా ఒక్క సలహా: ఆ ఎడారిలో ఏ కట్టడం ముందు నిలబడినా, ఇక్కడి మనుషులకు నీళ్లు ఎక్కడివి అని అడగండి. నాకు మసాడా కొండకోట అయినా, అవ్‌దాత్ పాత నగరం అయినా అర్థమైంది ఆ ప్రశ్న వేసుకున్నాకే.

ఎడారి అంటే ఇసుక తిన్నెలేనా?

ఇసుక తిన్నెలు అక్కడక్కడా తప్ప పెద్దగా కనిపించవు. ఇది రాతి ఎడారి. సున్నపురాయి కొండలు, నల్లగా మెరిసే చెకుముకి రాళ్లు పరుచుకున్న మైదానాలు, వాటిని కోసుకుంటూ పోయే లోతైన వాగులు. వాగుల్లో ఏడాదిలో చాలా రోజులు చుక్క నీరుండదు. అయినా వాగు పొడవునా తుమ్మ చెట్లు నిలబడి ఉంటాయి. అడుగున ఎక్కడో తేమ ఉందని వాటిని చూసి తెలుసుకోవచ్చు. ఉత్తర అంచున బీర్షెబాలో ఏడాదికి దాదాపు 200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దక్షిణాన ఎయిలాత్ చేరేసరికి అది 30 మిల్లీమీటర్ల లోపే. మన దేశంలో బాగా వానలు తక్కువైన అనంతపురానికే సుమారు 550 మిల్లీమీటర్లు పడతాయని గుర్తుంచుకుంటే ఈ తేడా తెలుస్తుంది.

ఏ కాలంలో వెళ్లాలి?

నవంబరు నుంచి మార్చి వరకు. వేసవిలో మృత సముద్ర తీరంలో 40 డిగ్రీలు దాటడం మామూలే.

అయితే చలికాలానికీ, వసంతానికీ ఒక ప్రమాదం ఉంది: మెరుపు వరదలు. ఎక్కడో దూరాన కొండల మీద వాన పడితే, నెత్తిన ఎండ కాస్తుండగానే వాగులోకి నీళ్లు గోడలా వచ్చేస్తాయి. ఎండిన రాతినేల నీటిని పీల్చుకోదు కాబట్టి పడినదంతా వాగులోకే జారుతుంది. 2018 ఏప్రిల్‌లో మృత సముద్రానికి దక్షిణాన జాఫిత్ వాగులో నడుస్తున్న పదిమంది యువతీయువకులు ఇలాంటి వరదలోనే చనిపోయారు. వరద హెచ్చరిక ఉన్న రోజున ఏ వాగులోనూ దిగకండి. గైడు ఫర్వాలేదని చెప్పినా సరే, దిగకండి.

మసాడాకు కాలినడకన ఎక్కాలా, కేబుల్ కారు చాలా?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిశ్చింతగా కేబుల్ కారులో వెళ్లవచ్చు. పైన చూడాల్సినదేదీ వాళ్లకు తగ్గదు. నడవగలిగితే తూర్పు వైపు పాము బాట ఉంది. మెలికలు తిరుగుతూ దాదాపు 350 మీటర్ల ఎత్తు ఎక్కిస్తుంది. సూర్యోదయానికి ముందే బాట తెరుస్తారు. వేసవి రోజుల్లో ఎండ ముదిరాక మూసేస్తారు. పడమటి వైపు రోమన్ సైన్యం పోసిన మట్టికట్ట మీదుగా పావుగంటలో పైకి చేరవచ్చు గానీ, అటు వెళ్లాలంటే అరాద్ పట్టణం మీదుగా చుట్టు తిరగాలి. తూర్పు నుంచి పడమరకు నేరుగా రోడ్డు లేదు.

పైకి చేరగానే అందరూ ఉత్తరాన హేరోదు రాజు మూడు అంతస్తులుగా కొండ అంచుకు వేలాడదీసినట్టు కట్టించిన భవనం వైపు వెళ్తారు. వెళ్లండి, అది అద్భుతమే. గోడల మీద ఒక నల్ల గీత కనిపిస్తుంది. గీత కింద ఉన్నది రెండు వేల ఏళ్లనాటి అసలు గోడ, పైన ఉన్నది పురావస్తు శాఖ తిరిగి పేర్చినది. ఈ నిజాయితీ నాకు చాలా నచ్చింది. మన దగ్గర పాత కోటల మరమ్మతుల్లో కూడా ఇలాంటి గీత ఒకటి గీస్తే ఎంత బాగుండును.

ఆ తర్వాత దక్షిణ కొసకు నడవండి. అక్కడికి జనం తక్కువగా వస్తారు. రాతిలో తొలిచిన ఒక పెద్ద నీటితొట్టెలోకి మెట్లు దిగుతాయి. బయట ఎండకు కళ్లు చిట్లించుకుని దిగిన మనిషికి లోపల చల్లటి చీకటి. గోడలకు పూసిన సున్నపు గచ్చు ఇప్పటికీ పెచ్చులుగా అంటుకునే ఉంది. నీటి మట్టం ఎంతవరకు నిలిచేదో చెప్పే చారలు దాని మీద కనిపిస్తాయి. చేత్తో తడిమితే నున్నగా తగులుతుంది. హేరోదు ఇంజనీర్లు పక్క వాగుల్లో వరద వచ్చినప్పుడు ఆ నీటిని కాలువలతో మళ్లించి, కొండ పడమటి వాలులో తొలిచిన 12 తొట్టెల్లో నింపేవారు. అక్కడి నుంచి మనుషులూ గాడిదలూ పైకి మోసేవారు. మొత్తం సుమారు 40,000 ఘనపు మీటర్లు, అంటే 4 కోట్ల లీటర్లు నిల్వ చేయగలిగేవారు. ఏడాదికి నాలుగైదు వానలు పడే చోట రాజుకు స్నానశాల, ఈతకొలను ఉన్నాయంటే ఈ తొట్టెల పుణ్యమే. నారింజ రంగు రెక్కలున్న నల్లటి గోరింకలు పక్కనే తిరుగుతుంటాయి. వాటికి మాత్రం ఏమీ తినిపించకండి.

మసాడాలో అందరూ ఆత్మార్పణ చేసుకున్నారన్నది నిజమేనా?

క్రీ.శ. 73 లేదా 74లో రోమన్ పదో దళం ముట్టడి చివరికి, లోపలున్న 960 మంది యూదు తిరుగుబాటుదారులు కుటుంబాలతో సహా ప్రాణాలు తీసుకున్నారని, ఇద్దరు స్త్రీలు, ఐదుగురు పిల్లలు మాత్రమే మిగిలారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అతను అక్కడ లేడు. రోమన్ల ఆశ్రయంలో ఉండి రాశాడు. 1963 నుంచి 1965 వరకు యిగాయెల్ యాదిన్ నాయకత్వంలో జరిగిన తవ్వకాల్లో 30 లోపు అస్థిపంజరాలే దొరికాయి. అవి ఎవరివన్నదానిపై పండితుల మధ్య వాదన ఇంకా సాగుతోంది. చుట్టూ రోమన్ శిబిరాల గోడలు, ముట్టడి గోడ మాత్రం నేల మీద గీసినట్టు స్పష్టంగా కనిపిస్తాయి. ముట్టడి నిజం. చివరి రాత్రి సంగతి జోసీఫస్ ఒక్కడి మాట మీదే ఆధారపడి ఉంది. గైడ్లు దాన్ని కళ్లారా చూసినట్టు చెబుతారు. వినండి, కానీ ఈ తేడా మనసులో పెట్టుకోండి.

ఈత రానివాళ్లు మృత సముద్రంలో దిగవచ్చా?

దిగవచ్చు, జాగ్రత్తగా. మామూలు సముద్రంలో ఉప్పు మూడున్నర శాతం ఉంటే ఇక్కడ 34 శాతం దాకా ఉంటుంది. మునగడం కష్టం. ప్రమాదం బోర్లా పడితేనే: కాళ్లు పైకి తేలిపోయి మొహం నీళ్లలో ఉండిపోతుంది, తిరగడానికి పట్టు దొరకదు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మోకాళ్ల లోతుకు నడిచి, మెల్లగా కూర్చుంటున్నట్టు వెనక్కి వాలండి. లేవాలంటే మోకాళ్లు గుండెల దగ్గరికి తెచ్చుకుని కాళ్లు కిందికి నొక్కండి. ఈతకు అనుమతి ఉన్న తీరంలోనే, రక్షకులు ఉన్న చోటే దిగండి.

నీరు చేతికి నూనెలా జారుతుంది. గోరు చివర చిన్న గీత ఉన్నా భగ్గుమంటుంది. ముందు రోజు గడ్డం గీసుకోకండి. వెండి గొలుసులు, పట్టీలు తీసేయండి, నల్లబడతాయి. పావుగంట చాలు, ఆ వెంటనే మంచినీళ్లతో స్నానం.

మృత సముద్రం నిజంగానే ఎండిపోతోందా?

అవును, ఈ యాత్రలో నన్ను బాగా బాధపెట్టింది అదే. నీటి మట్టం ఏటా దాదాపు ఒక మీటరు పడిపోతోంది. ఇప్పుడు ఉపరితలం సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది. రోడ్డు పక్కన కొండరాతి మీద పాత నీటి మట్టాల గుర్తులు చూపిస్తారు. వాటి దగ్గర నిలబడి నీటి కోసం చూస్తే చాలా దూరాన కనిపిస్తుంది.

కారణం ఎండలు ఒక్కటే కాదు. దీన్ని నింపే యొర్దాను నది నీటినీ, ఉపనదుల నీటినీ ఇజ్రాయెల్, జోర్డాన్, సిరియా తాగునీటికీ సాగుకూ ముందే మళ్లించుకుంటున్నాయి. దక్షిణాన రెండు దేశాల కర్మాగారాలు పొటాష్, బ్రోమిన్ కోసం నీటిని తోడి చెరువుల్లో ఎండబెడతాయి. ఐన్ బొకెక్‌లోని పెద్ద హోటళ్ల ముందు కనిపించేది అసలు సముద్రం కాదు. ఉత్తర భాగం నుంచి తోడి తెచ్చి నింపిన ఇలాంటి చెరువే. ఇది చాలామంది పర్యాటకులకు తెలియదు.

నీరు వెనక్కి తగ్గిన చోట నేలలోపల మిగిలిన ఉప్పు పొరలను ఊట నీరు కరిగిస్తుంది. పైన నేల ఒక్కసారిగా కుంగిపోయి గుంత పడుతుంది. తీరం పొడవునా ఇలాంటి గుంతలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఒకప్పుడు కిటకిటలాడిన ఐన్ గెదీ బీచ్ వీటి వల్లే మూతపడింది. కంచె దాటవద్దన్న బోర్డు చూస్తే ఒక్క అడుగు కూడా దాటకండి, ఫోటో కోసం అసలే వద్దు.

ఐన్ గెదీలో ఏముంది?

నీళ్లు! అంత ఎండిన కొండల మధ్య ఏడాది పొడవునా పారే సెలయేళ్లు. సౌలు రాజు తరుముతుంటే దావీదు దాక్కున్నది ఇక్కడి కొండల్లోనే అని బైబిల్ చెబుతుంది. తెలుగు బైబిల్లోని ఏన్గెదీ ఇదే. దావీదు వాగు బాటలో గంట నడిస్తే జలపాతం. దారిలో వంపు కొమ్ముల కొండమేకలు మనుషులను పట్టించుకోకుండా ఆకులు మేస్తుంటాయి. జలపాతం కింద నాచు పట్టిన రాళ్లు, రెల్లు, తల వెంట్రుకల్లాంటి సన్నకాడల ఫెర్న్ మొక్కలు చూశాక, పదడుగుల అవతల మళ్లీ బూడిదరంగు బండలు మొదలవుతాయి. సెలవు దినాల్లో మాత్రం పాఠశాల పిల్లలతో నిండిపోతుంది. ముందే టికెట్టు తీసుకుని పొద్దున్నే చేరండి.

మృత సముద్రపు రాతప్రతుల చుట్టలను అవి దొరికిన కుమ్రాన్‌లో చూడవచ్చా?

అక్కడ చూడలేరు. 1947 ప్రాంతంలో ఒక బెదూయిన్ (ఎడారి అరబ్బు తెగ) గొర్రెల కాపరికి గుహలోని మట్టి జాడీల్లో తోలు చుట్టలు కనిపించాయి. ఆ తర్వాత 1956 వరకు 11 గుహల్లో రాతప్రతులు బయటపడ్డాయి. యెషయా గ్రంథపు చుట్ట ఒక్కటే 7 మీటర్లకు పైగా పొడవుంటుంది. అంతవరకు తెలిసిన హీబ్రూ ప్రతులకంటే ఇవి దాదాపు వెయ్యేళ్లు పాతవి. ఇప్పుడు ముఖ్యమైనవి చాలావరకు జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్నాయి.

కుమ్రాన్‌లో చూడాల్సింది నీటి ఏర్పాటు. వాగు వరదను పట్టి తెచ్చిన కాలువ, వరుసగా శుద్ధి స్నానపు తొట్టెలు. ఒక తొట్టె మెట్లు నిలువునా చీలి, సగం వైపు కుంగి ఉంటాయి. క్రీ.పూ. 31లో వచ్చిన భూకంపం పని అని చెబుతారు. ప్రసిద్ధమైన నాలుగో గుహను ఎదుటి అంచు నుంచి మాత్రమే చూడగలం.

ఇవన్నీ ఇజ్రాయెల్‌లోనే ఉన్నాయా?

లేవు. మసాడా, ఐన్ గెదీ, నెగెవ్ ఇజ్రాయెల్‌లోవి. కుమ్రాన్, వాదీ కెల్ట్‌లో కొండగోడకు అతుక్కున్న సెయింట్ జార్జ్ మఠం, ఐదో శతాబ్దం నాటి మార్ సాబా మఠం, మృత సముద్రపు ఉత్తర తీరం 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో ఉన్నాయి. టూర్ బస్సు ఎక్కడా ఆగకుండా వెళ్లిపోతుంది కాబట్టి ఈ విషయం తెలియకుండానే చాలామంది తిరిగి వస్తారు. అక్కడి పాలస్తీనా ప్రజలకు మాత్రం ఈ సరిహద్దు గీత ప్రతిరోజూ తగిలేదే. మార్ సాబా లోపలికి స్త్రీలను అనుమతించరు. ఎదుటి కొండ మీది నుంచి చూడవచ్చు.

రమోన్ బిలం ఉల్క పడి ఏర్పడిందా?

చూస్తే అలాగే అనిపిస్తుంది గానీ ఉల్కా కాదు, అగ్నిపర్వతమూ కాదు. నీరు తొలిచిన గుంత. దాదాపు 40 కిలోమీటర్ల పొడవు, గరిష్ఠంగా 500 మీటర్ల లోతు. పైన గట్టి సున్నపురాయి, కింద మెత్తటి ఇసుకరాయి ఉన్న నేల కమానులా పైకి లేచింది. కమాను నెత్తి అరిగి పగిలాక నీరు లోపలికి చొరబడి, మెత్తటి ఇసుకరాయిని లక్షల ఏళ్లపాటు ఒకే ఒక వాగు గుండా బయటికి మోసుకుపోయింది. గట్టి గోడలు చుట్టూ మిగిలాయి. వీటిని అక్కడ మఖ్తేష్ అంటారు.

అంచున ఉన్న మిత్స్పే రమోన్ ఊళ్లో ఒక రాత్రి తప్పకుండా ఉండండి. 2017లో ఈ బిలాన్ని అంతర్జాతీయ చీకటి ఆకాశ ఉద్యానంగా గుర్తించారు. అమావాస్య దగ్గరపడిన రోజుల్లో పాలపుంత అంచు నుంచి అంచుకు కనిపిస్తుంది. తెల్లవారితే ఊరి వీధుల్లో కొండమేకలు తిరుగుతుంటాయి.

బిలం అంచున ఉన్న సందర్శక కేంద్రం ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రమోన్ స్మారకం. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక కూలినప్పుడు ఆయనతోపాటు మన కల్పనా చావ్లా కూడా ఉన్నారు. ఏడుగురి ఫోటో ముందు నిలబడినప్పుడు నా కళ్లు ముందుగా ఆమెనే వెతికాయి. అక్కడ చాలాసేపు ఉండిపోయాను.

వానే లేని అవ్‌దాత్‌లో నగరం ఎలా నిలిచింది?

నాకు ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చిన చోటు అవ్‌దాత్. నబాతీయులు అనే అరబ్బు వర్తకులు దక్షిణ అరేబియా నుంచి సాంబ్రాణి, బోళం ఒంటెల మీద పెట్రా మీదుగా గాజా రేవుకు చేర్చేవారు. ఆ దారిలో మజిలీగా మొదలై నగరమైంది. హలూజా, మమ్షిత్, షివ్తాలతో కలిపి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ సగటు వాన 100 మిల్లీమీటర్ల లోపే. అయినా బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్య) కాలంలో ద్రాక్ష పండించి, వైన్ తయారుచేశారు. రసం తొక్కిన రాతి తొట్లు ఇప్పటికీ చూడవచ్చు. కిటుకు ఇది: ఒక ఎకరం పొలానికి 20 నుంచి 30 ఎకరాల కొండవాలును కేటాయించుకున్నారు. వాలు మీద పడిన ప్రతి చుక్కనూ చిన్న రాతి గట్లతో మళ్లించి, కింద వాగులో మెట్లు మెట్లుగా కట్టిన మడుల్లోకి దించారు. 1950ల చివర్లో శాస్త్రవేత్త మైకేల్ ఎవెనారి ఆ పాత గట్లనే బాగుచేసి, పక్కనే పొలం వేసి, బయటి నీరు లేకుండా పంట పండించి చూపించారు.

రాయలసీమ నుంచి వెళ్లే రైతు ఎవరైనా ఉంటే, ఆ గట్ల వెంట ఒక పూట నడవమని నా విన్నపం. మన పొలాల్లో ఇప్పుడు అందరికీ తెలిసిన డ్రిప్పును 1965లో వ్యాపారంగా మలచినది కూడా ఇదే నెగెవ్‌లో, బీర్షెబా పక్కనున్న హజెరీం కిబ్బుట్జ్ (ఉమ్మడి వ్యవసాయ పల్లె).

స్దే బోకర్‌లో ఆగాలా?

ఆగండి. తొలి ప్రధాని డేవిడ్ బెన్ గురియన్ 1953లో ఈ ఎడారి కిబ్బుట్జ్‌కు వచ్చి చిన్న చెక్క ఇంట్లో ఉన్నారు. ఆయన పడకగదిలో గోడ మీద ఒకే ఒక్క ఫోటో ఉంది, గాంధీజీది. దగ్గర్లోనే జిన్ లోయ అంచున ఆయన, ఆయన భార్య పౌలా సమాధులు. కిందికి దిగితే ఐన్ అవ్‌దాత్ గండి. తెల్లటి నిలువు గోడల మధ్య ఆకుపచ్చ మడుగులు. పైవరకు వెళ్లే బాటలో నిచ్చెనలు ఉంటాయి, ఒకసారి ఎక్కాక వెనక్కి దిగనివ్వరు. పిల్లలతో ఉంటే కింది మడుగు దాకా వెళ్లి రండి.

తిమ్నా దాకా వెళ్లడం అవసరమా?

ఎయిలాత్ వెళ్తుంటే తప్పక. లేకపోతే ఒక్కదాని కోసం అంత దూరం అక్కర్లేదు. మూడు వేల ఏళ్లకు పూర్వపు రాగి గనులు, ఈజిప్టువాళ్లు కట్టిన హథోర్ దేవత గుడి, ఎర్రటి ఇసుకరాతి స్తంభాలు ఉన్నాయి. సొలొమోను స్తంభాలన్నది పేరు మాత్రమే. అవి ప్రకృతి మలచినవి.

బెదూయిన్ల గుడారంలో బస నిజమైన అనుభవమేనా?

చాలావరకు పర్యాటకుల కోసం ఏర్పాటు చేసినవే. టీ, రొట్టె, ఒంటె సవారీ. అందులో తప్పేమీ లేదు, అది వాళ్ల జీవనోపాధి. కానీ నెగెవ్ బెదూయిన్లలో ఎక్కువమంది ఇప్పుడు రహాత్ వంటి పట్టణాల్లో ఉంటున్నారు. ఇంకా ఎంతోమంది ప్రభుత్వ గుర్తింపు లేని పల్లెల్లో, కరెంటు తీగ, నీటి గొట్టం అందకుండా బతుకుతున్నారు. రోడ్డు మీది నుంచి ఆ రేకుల ఇళ్లు కనిపిస్తాయి. లకియాలో బెదూయిన్ స్త్రీలు నడిపే నేత కేంద్రం ఉంది. గుడారం కంటే అక్కడ ఒక గంట గడిపితే వాళ్ల గురించి ఎక్కువ తెలుస్తుంది.

ఎడారిలో భారతీయులు ఎవరైనా కనిపిస్తారా?

కనిపిస్తారు. డిమోనా పట్టణంలో మహారాష్ట్ర నుంచి వెళ్లిన బెనె ఇజ్రాయెల్ యూదులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పెద్దవాళ్లు మరాఠీ మాట్లాడతారు. కొట్లో మిఠాయిలు, మసాలాలు దొరుకుతాయి. బీర్షెబా పక్కన నెవాతీంలో కొచ్చి యూదుల ప్రార్థనామందిరం, చిన్న మ్యూజియం ఉన్నాయి.

కారు లేకుండా తిరగవచ్చా?

మృత సముద్రం, ఐన్ గెదీ, మసాడాలకు జెరూసలేం నుంచి బస్సులున్నాయి. బీర్షెబా నుంచి మిత్స్పే రమోన్‌కు కూడా. కానీ శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు, బస్సులు దాదాపు ఆగిపోతాయి. ఆ మధ్యలో ఎడారిలో చిక్కుకోకుండా చూసుకోండి. కారులో వెళ్తే సైనిక శిక్షణ ప్రాంతాల హెచ్చరిక బోర్డులను గమనించండి. నెగెవ్‌లో చాలా భాగం సైన్యం చేతిలోనే ఉంది.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

సులువుగా. హమ్మస్, ఫలాఫెల్, సలాడ్లు ప్రతిచోటా ఉంటాయి. కారం కావాలంటే జుగ్ అనే పచ్చిమిర్చి పచ్చడి అడగండి.

ఇప్పుడు వెళ్లడం క్షేమమేనా?

2023 అక్టోబరులో యుద్ధం మొదలైన తర్వాత దీనికి ఒకే జవాబు చెప్పి వదిలేయలేం. పరిస్థితి వారాల్లో మారిపోతోంది. టికెట్టు కొనే ముందు భారత విదేశాంగ శాఖ, టెల్ అవీవ్‌లోని మన రాయబార కార్యాలయం సూచనలు చదవండి. వద్దని చెబితే వాయిదా వేసుకోండి. బయలుదేరే ముందు వీసా కూడా చేతిలో ఉండాలి.

అక్కడి నుంచి ఏం తెచ్చుకోవచ్చు?

ఖర్జూరం. అరాబా లోయ తోటల మెజూల్ కాయలు కండపట్టి, తేనె రుచితో ఉంటాయి. ఆ లోయలోనే కెతురా కిబ్బుట్జ్‌లో ఒక ఖర్జూర చెట్టు ఉంది. మసాడా తవ్వకాల్లో దొరికిన దాదాపు రెండు వేల ఏళ్లనాటి గింజను 2005లో నాటితే మొలిచింది. మగ చెట్టు. యూదయ ఎడారిలోనే దొరికిన మరో పాత గింజ నుంచి మొలిచిన ఆడ చెట్టుకు దాని పుప్పొడి అద్దితే 2020లో కాయలు కాశాయి. అవి అమ్మకానికి లేవు, కానీ చెట్టును చూడాలనుకుంటే కిబ్బుట్జ్ వాళ్లను ముందుగా అడిగి వెళ్లండి. ఎడారి ఉద్యానాల్లోని రంగు రాళ్లు, శిలాజాలు మాత్రం జేబులో వేసుకోకండి. అది చట్టప్రకారం నేరం.